రంగు అంచు దాటకూడదంటే: ఆల్ఫా లాక్ ఎప్పుడు, క్లిప్పింగ్ ఎప్పుడు

కంప్యూటర్‌లోనో ట్యాబ్లెట్‌లోనో బొమ్మ గీసేసి, గీతల కింద లేయర్లలో (ఒకదాని మీద ఒకటి పేర్చిన పారదర్శక పొరల్లో) ఒంటి రంగు, జుట్టు రంగు, బట్టల రంగు నింపేశాక అసలు పని మొదలవుతుంది. చెంప కింద నీడ రావాలి, భుజం మీద వెలుగు పడాలి, బట్ట మడతలు కనిపించాలి. పెద్ద మెత్తటి బ్రష్ పట్టుకుని ఒక్క ఊపులో లాగితేనే ఆ నీడ సహజంగా ఉంటుంది, కానీ అలా లాగితే రంగు చెంప దాటి పక్కన ఖాళీలోకి పోతుంది. అందుకని చాలామంది బ్రష్ సైజు బాగా తగ్గించి అంచు పొడుగునా ఊపిరి బిగబట్టి గీస్తారు, లేదా ముందు ఎలాగోలా వేసేసి తర్వాత ఎరేజర్ పట్టుకుని చుట్టూ తుడుచుకుంటూ వస్తారు. రెండు పద్ధతుల్లోనూ టైమ్ పోవడం ఒక ఎత్తు, స్ట్రోక్‌లో ఉండాల్సిన ధైర్యం పోవడం ఇంకో ఎత్తు. భయపడుతూ వేసిన నీడ చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పటికే రంగు ఉన్న చోటే బ్రష్ పనిచేసేలా, ఖాళీ చోట అస్సలు అంటుకోకుండా చేసే సదుపాయం లేయర్లున్న ప్రతి మంచి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. ఒకటి కాదు, మూడు రకాలుగా ఉంది: ఆల్ఫా లాక్ (అదే లేయర్‌లో ఖాళీ చోట రంగు పడకుండా ఆపడం), క్లిప్పింగ్ (పై లేయర్ రంగు కింది లేయర్ ఆకారంలోనే కనిపించేలా చేయడం), సెలెక్షన్ (ఎంచుకున్న భాగంలోనే బ్రష్ పనిచేయడం). ఏ బటన్ ఎక్కడుందో చూపించే వీడియోలు కొల్లలుగా దొరుకుతాయి, కానీ మూడింటిలో ఎప్పుడు ఏది వాడాలో వివరంగా చెప్పేవి నాకు పెద్దగా కనపడలేదు, ఈ పోస్టు దాని గురించే. నా లెక్క ఇది. ఆకారం ఖాయమైపోయి, ఇక రంగు మీదే చెయ్యి ఆడాలంటే లాక్. ఆకారం ఖాయమైనా కాకపోయినా, వేసే నీడని రేపు మార్చుకునే వీలు ఉండాలంటే క్లిప్పింగ్. సెలెక్షన్ మాత్రం ఈ పనికి దాదాపు ఎప్పుడూ వద్దు, ఎందుకు వద్దో కింద లెక్కతో సహా చెప్తాను.

ముందు లోపల ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం, ఇది తెలిస్తే బటన్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని సగం తగ్గుతుంది. లేయర్‌లో ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలతో పాటు నాలుగోది కూడా ఉంటుంది, అదే ఆల్ఫా. ఆ పిక్సెల్ ఎంతవరకు కప్పుతుంది అన్నది దాని సంగతి. మామూలు 8 బిట్ ఫైల్‌లో 0 అంటే పూర్తిగా ఖాళీ, 255 అంటే వెనకున్నది ఏమాత్రం కనపడదు. ఈ ఆలోచన 1970ల చివర్లో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఉన్నప్పుడు తెచ్చింది. తర్వాత 1984లో లూకస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఇద్దరూ కలిసి, ఒక బొమ్మని ఇంకో బొమ్మ మీద ఎన్ని రకాలుగా పెట్టొచ్చో లెక్క కట్టి సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో ఒక పేపర్ ఇచ్చారు. అందులో రెండు పద్ధతులు మనకి రోజూ పనికొచ్చేవి. 'ఓవర్' అంటే మామూలుగా పైన పెట్టడం, మనం సాధారణంగా వాడే బ్రష్ చేసేది అదే. 'అటాప్' అంటే కింద ఏదైతే ఉందో దాని మీద మాత్రమే పెట్టడం. దీంట్లో కొత్త రంగు ఎంత పూసినా కింది పిక్సెల్ ఆల్ఫా ఎంత ఉందో అంతే ఉంటుంది, రంగు మాత్రం మారుతుంది. ఆల్ఫా లాక్ నొక్కినప్పుడు మీ బ్రష్ ఓవర్ నుంచి అటాప్‌కి మారుతోంది, అంతే. ఫోటోషాప్‌లో లేయర్లు వచ్చింది 1994లో, వెర్షన్ 3తో, అంటే పదేళ్ళ ముందే ఈ లెక్క తయారుగా ఉందన్నమాట. నాకు ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

లాక్ ఎక్కడుంటుందో త్వరగా చెప్పేస్తాను. ఫోటోషాప్‌లో లేయర్స్ ప్యానెల్ పైభాగంలో చిన్న గళ్ళ గుర్తు ఉంటుంది, కీబోర్డులో స్లాష్ నొక్కినా పడుతుంది, తీసేస్తుంది. క్రిటాలో లేయర్ పేరు పక్కనే అలాంటి గళ్ళ గుర్తే ఉంటుంది. ప్రోక్రియేట్‌లో లేయర్ మీద రెండు వేళ్ళతో కుడివైపుకి తోస్తే చాలు, లేయర్ పేరు పక్కనుండే చిన్న బొమ్మలో (థంబ్‌నెయిల్) ఖాళీ ఉన్నచోట గళ్ళు కనిపిస్తాయి. క్లిప్ స్టూడియోలో పారదర్శక పిక్సెళ్ళని లాక్ చేసే బటన్ లేయర్ ప్యాలెట్ పైనే ఉంటుంది, ఐబిస్ పెయింట్‌లో లేయర్ విండోలో ఆల్ఫా లాక్ అనే ఉంటుంది, గింప్‌లో లేయర్ల డాక్‌లో మిగతా లాక్‌లతో పాటే ఇదీ ఉంటుంది. అఫినిటీలో మాత్రం ఇది లేయర్‌కి కాకుండా బ్రష్‌కి ఉంటుంది, పైన టూల్‌బార్‌లో ప్రొటెక్ట్ ఆల్ఫా అని టిక్ పెట్టాలి.

లాక్ పెట్టినా రంగు కాన్వాస్ అంతా పడుతోంది అని అడిగేవాళ్ళు చాలామంది. దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే, ఆ లేయర్‌లో ఖాళీ అనేదే లేదు. తెల్లగా కనపడుతున్నది ఖాళీ కాదు, తెల్ల రంగు. కాగితం మీద గీసి ఫోటో తీసినది, జేపెగ్‌గా తెచ్చుకున్నది, కొత్త ఫైల్ తెరవగానే వచ్చే బ్యాక్‌గ్రౌండ్ లేయర్, వీటన్నిటిలోనూ ప్రతి పిక్సెల్ ఆల్ఫా 255. జేపెగ్ ఫార్మాట్‌లో అసలు పారదర్శకత దాచుకునే చోటే లేదు. మరి లాక్ దేన్ని కాపాడాలి? అన్నిచోట్లా రంగు ఉందని దానికి తెలుసు కాబట్టి అన్నిచోట్లా వేయనిస్తుంది. ఏ లేయర్ మీద అనుమానం ఉన్నా దాని కింద ఉన్నవన్నీ కన్ను గుర్తు నొక్కి దాచేసి చూడండి, ఖాళీకి గుర్తుగా వచ్చే గళ్ళు కనపడకపోతే ఆ లేయర్‌లో లాక్‌కి పని లేదు. గింప్‌లో ఇంకో మెట్టు కూడా ఉంది, జేపెగ్ తెరిచినప్పుడు ఆ లేయర్‌కి ఆల్ఫా ఛానెలే ఉండదు, ముందు దాన్ని జోడిస్తే తప్ప తుడిచినా ఖాళీ రాదు, టూల్స్‌లో పెట్టుకున్న బ్యాక్‌గ్రౌండ్ రంగు పడుతుంది.

దీనికి తలకిందులు ఫిర్యాదు ఇంకోటి ఉంది. బ్రష్ పనిచేయడం లేదు, ఏం గీసినా పడట్లేదు, యాప్ పాడైందేమో అని. యాప్ తీసేసి మళ్ళీ వేసుకునే ముందు లేయర్ మీద లాక్ ఉందేమో ఒకసారి చూడండి. ఖాళీ లేయర్ మీద లాక్ ఉంటే ఎంత గీసినా ఏమీ పడదు, అది దాని ధర్మం.

ఇప్పుడు సెలెక్షన్ సంగతి. ఫోటోషాప్‌లో లేయర్ చిన్న బొమ్మ మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే ఆ లేయర్‌లో రంగున్న భాగమంతా సెలెక్ట్ అవుతుంది, క్రిటాలోనూ అంతే, గింప్‌లో ఆల్ఫా టు సెలెక్షన్ అంటారు. దీంతో కూడా రంగు బయటకి పోదు కదా, ఇంక లాక్ ఎందుకు అనిపిస్తుంది. తేడా అంచులో ఉంది. మెత్తగా కనపడే ఏ గీతకైనా అంచులో సగం సగం ఉండే పిక్సెళ్ళు ఉంటాయి, అవి లేకపోతే అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అలాంటి ఒక పిక్సెల్ ఆల్ఫా 50 శాతం అనుకుందాం. దాన్ని సెలెక్ట్ చేస్తే సెలెక్షన్ కూడా అక్కడ 50 శాతమే. ఇప్పుడు అదే లేయర్ మీద పూర్తి గాఢతతో ఒక స్ట్రోక్ వేస్తే ఆ పిక్సెల్‌లో మిగిలిన 50 శాతం ఖాళీలో సగం నిండుతుంది, ఆల్ఫా 75 అవుతుంది. ఇంకో స్ట్రోక్, 87.5. ఇంకోటి, దాదాపు 94. నాలుగు స్ట్రోకులు అయ్యేసరికి మెత్తటి అంచు కాస్తా గట్టిపడి, బొమ్మ చుట్టూ సన్నటి పళ్ళు పళ్ళుగా గరుకు గీత వచ్చేస్తుంది. పెద్దగా జూమ్ చేస్తే తప్ప ఇది కనపడదు, కానీ బొమ్మ మొత్తం చూసినప్పుడు ఏదో కత్తిరించి అతికించినట్టు ఉందే అనిపించడం వెనక కారణం చాలాసార్లు ఇదే. లాక్‌లో అయితే ఆ పిక్సెల్ 50 శాతం దగ్గరే నిలబడుతుంది, వంద స్ట్రోకులు వేసినా సరే.

అలాగే సెలెక్షన్‌ని వేరే కొత్త లేయర్ మీద వాడినా, దాన్నే మాస్క్‌గా (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే మూతగా) మార్చి పెట్టినా ఇదే లెక్క వర్తిస్తుంది. కింద 50 శాతం ఒంటి రంగు, పైన 50 శాతం నీడ, రెండూ కలిసి 75. అంచు చిక్కబడటమే కాకుండా నీడ కింద నుంచి ఒంటి రంగు సన్నటి గీతలా తొంగి చూస్తుంది. చీకటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లటి పాత్ర గీసినప్పుడు ఇది మరీ బాధపెడుతుంది. క్లిప్పింగ్‌లో ఈ సమస్య రాదు, అక్కడ మొత్తం గుంపు ఆల్ఫాని అడుగున ఉన్న లేయరే తేలుస్తుంది కాబట్టి అంచు 50 దగ్గరే ఉంటుంది. ఈ ఒక్క కారణానికే నేను సెలెక్షన్‌ని కదపడానికి, కత్తిరించడానికి, ఒకేసారి రంగు నింపడానికి మాత్రమే వాడతాను, నీడలు వేయడానికి వాడను.

ఇంక క్లిప్పింగ్. ఇది లాక్ లాంటిదే కానీ వేసే రంగు వేరే లేయర్‌లో ఉంటుంది. కింద అడుగు లేయర్‌లో ఆకారం, దాని పైన నీడ లేయర్, ఆ నీడ లేయర్‌ని కిందదానికి క్లిప్ చేస్తే అడుగున రంగున్న చోట మాత్రమే నీడ కనిపిస్తుంది. బయటకి పోయిన రంగు పోదు, అక్కడే దాక్కుని ఉంటుంది, అడుగు ఆకారాన్ని పెంచితే బయటపడుతుంది. ఇదే దీని బలం. రేపు చెయ్యి లావుగా ఉండాలనిపించి అడుగు లేయర్‌లో కొంచెం పెంచితే నీడ దానంతట అదే అక్కడికి వచ్చేస్తుంది, లాక్ చేసి వేసిన లేయర్ అయితే అక్కడ మళ్ళీ మొదట్నించి రంగు కలపాలి.

ఫోటోషాప్‌లో రెండు లేయర్ల మధ్య గీత మీద ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేయాలి, లేదా కంట్రోల్ ఆల్ట్ జి. ప్రోక్రియేట్‌లో లేయర్ నొక్కితే వచ్చే మెనూలో క్లిప్పింగ్ మాస్క్ ఉంటుంది, పెట్టగానే లేయర్ కొంచెం పక్కకి జరిగి కిందకి బాణం గుర్తు చూపిస్తుంది. క్లిప్ స్టూడియోలో క్లిప్ అయిన లేయర్ పక్కన గులాబీ గీత ఒకటి నిలువుగా వస్తుంది. అఫినిటీలో ఒక లేయర్‌ని ఇంకో లేయర్ లోపలికి లాగి పడేస్తే అదే క్లిప్పింగ్.

క్రిటాలో దీన్ని వేరేగా కట్టారు, అక్కడికి కొత్తగా వెళ్ళినవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. క్రిటాలో ఇన్‌హెరిట్ ఆల్ఫా అని ఉంటుంది, ఆల్ఫా అక్షరం గుర్తుతో. అది కింద ఉన్న ఒక్క లేయర్‌ని చూడదు, అదే గ్రూప్‌లో తన కిందున్న లేయర్లన్నిటినీ కలిపి చూస్తుంది. అందుకే గ్రూప్ ఏమీ లేకుండా, అడుగున తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకుని ఇన్‌హెరిట్ ఆల్ఫా నొక్కితే ఏమీ జరిగినట్టు ఉండదు, ఎందుకంటే తెల్లటి లేయర్ కాన్వాస్ అంతా నిండి ఉంది కాబట్టి అంతటా రంగు పడుతుంది. ముందు ఒక గ్రూప్ చేసి, అడుగు ఆకారాన్ని అందులో అన్నిటికన్నా కింద పెట్టి, నీడ లేయర్‌ని దాని పైన పెట్టి, అప్పుడు నొక్కాలి. కంట్రోల్ షిఫ్ట్ జి కొడితే ఈ ఏర్పాటంతా అదే చేసిపెడుతుంది. మొదట విసుగ్గా ఉన్నా, రెండు మూడు లేయర్లలో విడివిడిగా ఉన్న ముఖం, మెడ, చేతులు అన్నిటి మీదా ఒకే నీడ లేయర్ పడాలంటే ఈ పద్ధతే సుఖం, వాటిని కలపకుండానే పనైపోతుంది. గింప్‌లో కూడా 2018లో వచ్చిన 2.10 నుంచి ఇలాంటిదే ఉంది, గ్రూప్‌లో పై లేయర్‌కి కాంపోజిట్ మోడ్‌ని క్లిప్ టు బ్యాక్‌డ్రాప్ అని పెట్టాలి.

క్లిప్పింగ్‌లో నాకు బాగా నచ్చేది బ్లెండింగ్ మోడ్, అంటే పై లేయర్ రంగు కింది రంగుతో ఎలా కలవాలో చెప్పే అమరిక. నీడ లేయర్‌ని మల్టిప్లై (కింది రంగుని ముదురు చేసే మోడ్) పెట్టి, ఒకే ఒక్క మధ్యస్థ ఊదా రంగు తీసుకుని, ఒంటి మీదా జుట్టు మీదా బట్టల మీదా అదే రంగుతో నీడ వేసేస్తే కింద ఉన్న రంగుని బట్టి నీడ దానంతట అదే మారుతుంది. చాలా ఎక్కువైంది అనిపిస్తే ఒపాసిటీ (లేయర్ గాఢత) తగ్గించుకోవచ్చు, సాయంత్రం వెలుగు కావాలంటే ఆ నీడ లేయర్ హ్యూ (రంగు ఛాయ) మార్చుకోవచ్చు. లాక్ చేసిన లేయర్ మీద కూడా మల్టిప్లై బ్రష్‌తో వేయొచ్చు, కానీ వేశాక అది ఒంటి రంగులో కలిసిపోతుంది, వెనక్కి తీయాలంటే అన్‌డూ ఒక్కటే దిక్కు. హ్యూ సాచురేషన్ లాంటి సరిదిద్దే లేయర్లని కూడా క్లిప్ చేయొచ్చు, అప్పుడు ఒక పాత్ర బట్టల రంగు మాత్రమే మారుతుంది, మిగతా బొమ్మ కదలదు. ఒక జాగ్రత్త, ఫోటోషాప్‌లో అడుగు లేయర్ ఒపాసిటీ తగ్గిస్తే దానికి క్లిప్ అయినవన్నీ దాంతో పాటే తగ్గుతాయి. అడుగు లేయర్ ఒక్కదాన్నే పట్టుకుని కదిపితే ఆకారం కదులుతుంది, నీడలు ఉన్నచోటే ఉంటాయి. మొత్తం గుంపుని సెలెక్ట్ చేసి కదపాలి.

మరి ఇంత బాగుంటే ఎప్పుడూ క్లిప్పింగే వాడొచ్చు కదా అంటే, రెండు చోట్ల లాక్ లేకపోతే పని నడవదు.

మొదటిది రంగులు కలపడం. వేలితో రుద్దినట్టు రంగుని లాగే స్మడ్జ్ టూల్ కానీ, కింద రంగుని తీసుకుని కలిపే బ్రష్ కానీ ఒకే లేయర్‌లో ఉన్న రంగుల మీద బాగా పనిచేస్తుంది. చెంప ఎరుపుని ఒంటి రంగులోకి మెల్లగా కరిగించాలంటే రెండూ ఒకే లేయర్‌లో ఉండాలి. లాక్ లేకుండా అంచు దగ్గర స్మడ్జ్ చేస్తే ఖాళీని కూడా లోపలికి లాగుతుంది, అంచు పలచబడి చెరిగిపోతుంది. లాక్ ఉంటే రంగులు అంచు దాకా కరుగుతాయి, అంచు మాత్రం కదలదు. రంగుల్ని మసకబరిచే గాసియన్ బ్లర్ కూడా అంతే, లాక్ చేసిన లేయర్ మీద వేస్తే లోపలి రంగులు మెత్తబడతాయి, ఆకారం పదునుగానే ఉంటుంది. ఒక గోళాన్ని రెండు రంగుల్లో గీసి లాక్ చేసి బ్లర్ ఇచ్చి చూడండి, ఒక్క నిమిషంలో గుండ్రంగా తేలుతుంది. ఇక్కడ ఫోటోషాప్ వాడేవాళ్ళకి ఒక మాట, లాక్ ఉన్న లేయర్ మీద ఎరేజర్ తుడవదు, బ్యాక్‌గ్రౌండ్ రంగు పూస్తుంది. తెల్లటి మరకలు ఎక్కణ్ణించి వచ్చాయా అని వెతుక్కుంటే కారణం అది.

రెండోది గీతలకి రంగు వేయడం. డిజిటల్ బొమ్మలో తక్కువ శ్రమతో ఎక్కువ అందం తెచ్చే పని ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. లైన్ ఆర్ట్ అంతా నల్లగా ఉంటే బొమ్మ రంగుల పుస్తకంలా ఉంటుంది. గీతల లేయర్‌ని లాక్ చేసి, ముఖం మీద గీతల్ని ముదురు గోధుమ ఎరుపుతో, జుట్టు గీతల్ని జుట్టు కన్నా రెండు మెట్లు ముదురు రంగుతో, వెలుగు పడే వైపు గీతల్ని లేత నారింజతో పెద్ద బ్రష్‌తో అలా తుడిచేయండి. గీతల మధ్య ఖాళీలో ఏమీ పడదు కాబట్టి జాగ్రత్త అక్కర్లేదు, నిమిషాల్లో అయిపోతుంది. ముక్కు, చెవి లోపలి గీతలు ఒంటిలో కలిసిపోయి, బయటి గీతలు మాత్రం నిలబడతాయి. కంటి రెప్ప నల్లగా వదిలేయండి, చూపు అక్కడికే వెళ్తుంది. మొత్తం లేయర్‌ని ఒకే రంగుకి మార్చాలంటే ఫోటోషాప్‌లో షిఫ్ట్ ఆల్ట్ బ్యాక్‌స్పేస్ కొడితే చాలు, లాక్ పెట్టకుండానే రంగున్నచోట మాత్రమే ఫోర్‌గ్రౌండ్ రంగు (బ్రష్‌కి అప్పుడు ఎంచుకున్న రంగు) నిండుతుంది.

ఇది కాగితం మీద గీసి స్కాన్ చేసిన గీతలతో చేయాలంటే ముందు తెలుపుని సరిగ్గా తీయాలి. ఒకే రకం రంగుని ఒక్క క్లిక్‌తో ఎంచే మ్యాజిక్ వాండ్‌తో తెల్లటిది సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే గీతల పక్కన బూడిద రంగు పిక్సెళ్ళు మిగులుతాయి, అవి సగం పారదర్శకం కావు, పూర్తి ఆల్ఫా ఉన్న లేత బూడిద. నల్లగా ఉన్నప్పుడు అవి అంచుని మెత్తగా చూపిస్తాయి, కానీ లాక్ చేసి ఎరుపు పూయగానే అవి కూడా పూర్తి ఎరుపు అయిపోయి గీత లావెక్కి గరుకుగా తయారవుతుంది. చేయాల్సింది ఏంటంటే వెలుగుని ఆల్ఫాగా మార్చడం, ఎంత తెల్లగా ఉంటే అంత ఖాళీ. క్రిటాలో, గింప్‌లో కలర్ టు ఆల్ఫా అని ఉంది, తెలుపు ఎంచుకుంటే సరి. క్లిప్ స్టూడియోలో ఎడిట్ మెనూలో వెలుగుని ఒపాసిటీగా మార్చే ఆదేశం ఉంది. ఫోటోషాప్‌లో ఛానెల్స్ ప్యానెల్‌లో ఆర్‌జీబీ మీద కంట్రోల్ క్లిక్ చేసి, సెలెక్షన్ తిరగేసి, కొత్త లేయర్‌లో నలుపు నింపితే గీతలు మాత్రం శుభ్రంగా వస్తాయి. స్కాన్‌లో కాగితం మరీ తెల్లగా లేకపోతే ముందు లెవెల్స్‌తో దాన్ని పూర్తి తెలుపుకి తీసుకెళ్ళండి, లేకపోతే కాన్వాస్ అంతా సన్నటి పొగలా మిగిలిపోయి, లాక్ పెట్టి వేసిన రంగు ఆ పొగకీ అంటుకుంటుంది.

ఇంతకీ లాక్ అయినా క్లిప్పింగ్ అయినా దేని మీద నిలబడింది అంటే అడుగు ఆకారం మీద. అది ఎంత శుభ్రంగా ఉంటే పైన అంత స్వేచ్ఛ. బకెట్ టూల్‌తో నింపినప్పుడు గీత పక్కన సన్నటి ఖాళీ మిగులుతుంది, తర్వాత ఎంత నీడ వేసినా ఆ ఖాళీలో పడదు, పడకూడదు కూడా. కాబట్టి నింపేటప్పుడే ఒకటి రెండు పిక్సెళ్ళు గీత కిందకి పెంచి నింపాలి, క్రిటాలో ఫిల్ టూల్‌లో గ్రో అని, ఫోటోషాప్‌లో సెలెక్ట్ మెనూలో ఎక్స్‌పాండ్ అని ఉంటుంది. నేనైతే బకెట్ కన్నా లాసోతో ఆకారాన్ని చుట్టి ఒకేసారి నింపడమే ఎక్కువ ఇష్టపడతాను, గీతల మధ్య కంతలు ఉన్నా బాధ లేదు, చెయ్యి కూడా ఆకారాన్ని మళ్ళీ ఒకసారి నేర్చుకుంటుంది. నింపాక అడుగున ఒక లేయర్‌లో కళ్ళు చెదిరే ఆకుపచ్చో గులాబీయో పోసి చూడండి. లోపల మిగిలిపోయిన చుక్కలు, బయట చెయ్యి తగిలి పడ్డ మచ్చలు వెంటనే కనపడతాయి. అవి సరిచేశాకే లాక్. ఈ రెండు నిమిషాలు మానేస్తే తర్వాత ప్రతి లేయర్‌లోనూ ఆ చుక్కలే మళ్ళీ మళ్ళీ కనపడతాయి.

ట్యాబ్లెట్‌లో గీసేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. 4000 బై 5000 పిక్సెళ్ళ కాన్వాస్‌లో పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున ఒక నిండు లేయర్‌కి కుదించకుండా 8 కోట్ల బైట్లు, అంటే దాదాపు 80 ఎంబీ. ప్రోక్రియేట్ కాన్వాస్ సైజుని బట్టి ఎన్ని లేయర్లు ఇవ్వాలో ముందే పరిమితి పెట్టేస్తుంది. క్లిప్ చేసే ప్రతి లేయర్ ఆ లెక్కలోకి వస్తుంది, లాక్ రాదు. పెద్ద సైజులో గీస్తూ లేయర్లు అయిపోతుంటే, నచ్చిన నీడల్ని కిందకి మెర్జ్ చేసేసి (ఒకే లేయర్‌గా కలిపేసి), ఆ లేయర్‌ని లాక్ చేసి దాని మీద మిగతా పని చేసుకోవడం తప్ప దారి లేదు. మెర్జ్ చేసే ముందు మొత్తం ఫైల్‌ని వేరే పేరుతో ఒకసారి దాచుకోండి.

లాక్‌కి తిరగేసిన బ్రష్ మోడ్ ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. బిహైండ్ అని. ఫోటోషాప్‌లో, గింప్‌లో, క్రిటాలో బ్రష్ మోడ్‌లలో దొరుకుతుంది. ఇది ఇప్పటికే ఉన్న రంగుని ముట్టుకోకుండా దాని వెనక ఖాళీలో మాత్రమే వేస్తుంది. జుట్టు కుచ్చులు గీసేశాక వాటి వెనక ముదురు రంగు నింపాలంటే కొత్త లేయర్ అక్కర్లేదు. ఫోటోషాప్‌లో ఇది పనిచేయాలంటే లాక్ తీసేసి ఉండాలి, రెండూ ఒకదానికొకటి ఎదురు కాబట్టి.

చివరిగా, లాక్ ఎక్కడ వద్దు అనేది. అన్నిటికీ లాక్ పెట్టి గీసిన బొమ్మలు ఒక రకంగా ఉంటాయి. ప్రతి అంచూ ఒకే పదునుతో ఉంటుంది, పాత్ర బ్యాక్‌గ్రౌండ్ మీద అతికించినట్టు ఉంటుంది. కళ్ళతో చూసేటప్పుడు అలా ఉండదు, నీడలో ఉన్న భుజం వెనక చీకట్లో కలిసిపోతుంది, వెలుగు వైపు జుట్టు చివర్లు గాల్లోకి కరిగిపోతాయి. పొగ, బొచ్చు, నీళ్ళ తుంపర్లు, దూరంగా ఉన్న చెట్లు, వీటికి ఆకారం అనేదే సరిగ్గా ఉండదు, లాక్ పెట్టడానికి అక్కడ ఏమీ లేదు. నేను జుట్టుకి చేసేది ఇది. జుట్టు మొత్తాన్ని ఒక ఆకారంగా నింపి, దాని మీద నీడలూ వెలుగూ క్లిప్పింగ్‌లో వేసి, పెద్ద కుచ్చులన్నీ ఖాయమయ్యాక మెర్జ్ చేసి, లాక్ పెట్టి లోపలి రంగులు కలుపుతాను. తర్వాత లాక్ తీసేసి, పలచటి బ్రష్‌తో ఆకారం బయటకి వెంట్రుకలు లాగుతాను, రంగు పక్కనే ఉన్న జుట్టు నుంచి ఐడ్రాపర్‌తో తీసుకుంటూ. వెలుగు వైపు అంచుని మెత్తటి ఎరేజర్‌తో అక్కడక్కడా చెరిపేసి, నీడ వైపు బ్యాక్‌గ్రౌండ్ రంగునే తీసుకుని జుట్టు మీదకి కొంచెం వచ్చేలా పూస్తాను. అంత జాగ్రత్తగా కాపాడుకున్న అంచుని చెరపాలంటే మనసు ఒప్పుకోదు కానీ, బొమ్మ మొత్తంలో మూడు నాలుగు చోట్ల అలా చెరిపితే చాలు, మిగతా పదునైన అంచులు ఇంకా బాగా కనపడతాయి. ఆ చోట్లు ఏవో మొదటి స్కెచ్‌లోనే చిన్న గుర్తు పెట్టుకుంటే, అక్కడ ఎలాగూ చెరిపేదే కాబట్టి అంచు కోసం కష్టపడాల్సిన పనీ ఉండదు.